ఎర్రగీత, నీలిగీత

జీడిమెట్ల మూడో ఫేజు,
అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఎనక రేకుల షెడ్డు.
నేల గుంతల ఇనుప రోలరు, దాని మీద ఎనక చక్రం,
నాలుగు పట్టీలతోటి బిగించి కట్టిన బండి.
ఎంత ఉరికినా ఈడనే ఉంటది.
ఆ ఉరుకును లెక్కబెట్టుడు నా కొలువు.

లింబాద్రి మొదటిసారి ఏప్రిల్ల వచ్చిండు.
చింతల్ల ఇంటింటికి దోసపిండి ప్యాకెట్లు ఏసేటోడు,
సీటు కుట్లల్ల ఎండిన పిండి.
బండి వానికన్న నాలుగేండ్లు పెద్దది.
"ముందుగాల ఉన్నదున్నట్టు చూడన్నా" అన్నడు.
మూడో గేరుల గుంజిన.
షెడ్డంత పొగ. అట్టపెట్టెలోళ్లు కిటికీ మూసుకున్నరు.
ఎనిమిది పాయింట్ ఏడు.
కాయితం మీద ఎర్రగీత
పెన్షనుకు పోయే ముసలాయన లెక్క
నిమ్మళంగ ఎక్కింది, నిమ్మళంగ దిగింది.
మడతబెట్టి ఆధార్ కార్డు పక్కన పెట్టుకున్నడు.

మే నెలల సిలిండరు ముబీన్ భాయ్ చేతిల పడ్డది.
పోర్టుల అంచులు ఆయన గీకే తీరు చూడాలె,
మాగిన సీతాఫలంల గింజ తీసినట్టు,
కండ తెగొద్దు, గింజ మిగలొద్దు.
జూన్ల బాలానగర్ నుంచి కొత్త సైలెన్సరు,
కప్పను మింగిన పాము తీరుగ నడుమ ఉబ్బి.
జూలైల కార్బరేటరు.
మొత్తం ముప్పై ఒక్క వెయ్యి ఆరు నూర్లు.
రబ్బరు బ్యాండేసి తెచ్చిండు.
నోట్లు పులిసిన వాసన.

ఆగస్టు. రాత్రంత వాన.
నీలిగీత ఐదు వేల దాంక పండుకున్నది,
ఆ ఎనక
డప్పు మీద దెబ్బ పడ్డ పోతరాజు!
పదమూడు పాయింట్ రెండు.

వాడు ఒర్రిన ఒర్రుడుకు రేకుల మీది పావురాలు లేసినయి.
చాయ్ తెప్పిచ్చిండు, నాకు, ముబీన్ భాయ్‌కి, వాచ్‌మన్‌కి,
వానకు ఆగిన గ్యాస్ బండాయనకు సుత.

ఈడ నేను ఊకుంటే అయిపోవు.
శానామంది కాడ ఊకున్న.
ఒకసారి ఊకోలే గూడ,
గాలి లెక్క గడిల ఒక అంకె మార్చి
ఒకాయనకు రెండు గుర్రాలు ఉత్తగనే ఇచ్చిన.
ఆయన ఆ కాయితం చూపెట్టే కారు అమ్ముకున్నడు.
ఆ రెండు గుర్రాలు
ఇప్పటికీ నడిరాత్రి వచ్చి నన్ను గడ్డి అడుగుతయి.

లింబాద్రీ, ఇటు రా.
రెండు కాయితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి బల్బుకు అడ్డం పట్టు.
ఏప్రిల్ గాలి నలభై ఒకటి, పల్చటిది.
ఇయ్యాలటిది ఇరవై నాలుగు, పాలు చిక్కబడ్డట్టు.
పావు గుర్రం వానది. నీ పైసలది కాదు.
అది పోనీ.
గిది చూడు, ఐదు వేల రెండు నూర్ల కాడ
రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినయి.
దీనికి ఎడమ దిక్కంత ముసలాయనే గట్టి.
నువ్వు బతికేది ఎడమ దిక్కే,
ఐడీపీఎల్ చౌరస్తాల రెండో గేరు,
షాపూర్‌నగర్ మార్కెట్ల ఎల్లిగడ్డల బండి ఎనక ఒకటో గేరు,
ముప్పై ఆరు కిలోల పిండి.
కుడి దిక్కున్నది
తెల్లారగట్ల నాలుగింటికి ఎవ్వలు లేని దుండిగల్ రోడ్డు.
సైలెన్సరు మార్చుకో, పాతది నా కాడనే ఉన్నది.

శానసేపు చూసిండు.
గీతలు కలిసిన కాడ ఏలు పెట్టిండు,
గోరు కింద తెల్లగ పిండి.
"సోమారం పిండి ఉండదన్నా" అన్నడు.

పట్టీలు ఇప్పిన.
గేటు కాడి ఎత్తు ఎక్కలేక బండి దగ్గింది,
వాచ్‌మన్ ఎనక నుంచి ఒక చెయ్యేసిండు.
మలుపు తిరిగినంక కనపడలే.
చాయ్ గిలాస చేతిల పట్టుకోని చెవితోటి లెక్కబెట్టిన,
నాలుగు వేలు, నాలుగున్నర, ఐదు,
ఐదు వేల రెండు నూర్లు.